గేరు పళ్ళకు పళ్ళెం కాపలా

ఆ ఆదివారం పొద్దున శివకుమారి వేసిన పథకంలో సైకిలు లేదు.

పథకం ప్రకారం ఆమె భర్త వీరేంద్ర మార్కాపురంలో ఎనిమిది గంటల బస్సెక్కాలి. బేస్తవారిపేటలో దిగి, ఆటో మాట్లాడుకుని, గుట్ట కింది పల్లెలో ఉండే పేట అత్త ఇంటికి పోవాలి. అత్త చేతిలో చీర, పసుపు కుంకుమ, శివకుమారి తమ్ముడు గోపి పెళ్ళిపత్రిక పెట్టాలి. ఆమె నోటివెంట "వస్తాను" అన్న మాట వచ్చేదాకా అక్కడినుంచి లేవకూడదు.

"కాఫీ ఇస్తే తాగండి. అన్నం పెడితే తినండి. తిట్టినా తినండి," అంది శివకుమారి చీరను సంచిలో సర్దుతూ. "నేను రెండుసార్లు పోయినాను. రెండుసార్లూ కడుపునిండా పెట్టి, గుమ్మందాకా వచ్చి, 'మీ అమ్మ గడప తొక్కను' అని పంపించింది. మీరైతే ఇంటి అల్లుడు. మీ మాట కాదనలేదు."

వంటింట్లో శివకుమారి తల్లి గోవిందమ్మ వంకాయలు తరుగుతోంది. పెళ్ళి సరుకులకని కూతురింటికి వచ్చింది. "వస్తే వస్తది, లేకుంటే లేదు. నాకేంది?" అంది ఎవరూ అడగకుండానే. అని, మాట సరిగా వినపడడం కోసం తరగడం ఆపింది.

వీరేంద్ర బుద్ధిగా తలూపాడు. చూపు మాత్రం వసారాలో తలకిందులుగా నిలబెట్టిన సైకిలు మీదుంది.

పేట అత్త అంటే శివకుమారి నాయనకు అక్క. పదో తరగతి దాకా శివకుమారి పెరిగింది ఆమె ఇంట్లోనే. జడలు వేసింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది, లెక్కల పరీక్ష తప్పితే ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా దాచింది అత్తే. ఎనిమిదేళ్ళ కిందట శివకుమారి పెళ్ళికి ఆమె తన ఇంటి గిన్నెలూ పళ్ళేలూ ట్రాక్టరు మీద వేసుకొచ్చి వంటలకు ఇచ్చింది. పెళ్ళయ్యాక చూసుకుంటే ఒక పళ్ళెం తగ్గింది. "నీ చేతికే ఇచ్చినా వదినె" అంది గోవిందమ్మ. "ఇస్తే యాడుంది?" అంది అత్త. "యాడుందో నీకే తెలియాల" అంది గోవిందమ్మ. ఆ మాటకు అత్త ట్రాక్టరెక్కి వెళ్ళిపోయింది. అప్పటినుంచి వదినా మరదళ్ళ మధ్య పలకరింపు లేదు.

ఇప్పుడు గోపి పెళ్ళి దగ్గరపడింది. పెళ్ళికొడుకును చేసే రోజు మొదటి నలుగు మేనత్త పెట్టాలి. గోపికి ఉన్న మేనత్త ఆమె ఒక్కతే. తన పెళ్ళిలో పోగొట్టుకున్న అత్తను తమ్ముడి పెళ్ళిలో తిరిగి తెచ్చుకోవాలని శివకుమారి ప్రాణం కొట్టుకుంటోంది. ఆ పనిని వీరేంద్ర చేతిలో పెట్టిందంటే, ఇంక ఎవరూ మిగలలేదని అర్థం.

వీరేంద్ర చెడ్డవాడేమీ కాదు. పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మందు ముట్టడు, పేకాట తెలియదు. ఉన్నదొక్కటే, కుతూహలం. ఏ వస్తువైనా బాగా పనిచేస్తుంటే అది ఎందుకు అంత బాగా పనిచేస్తోందో చూడాలని విప్పుతాడు. విప్పాక అది పనిచేయదు. ఇంట్లో మిక్సీ, గోడగడియారం, గోవిందమ్మ వినికిడి మిషను అలా పోయినవే. ఆ మధ్య ఒంగోలులో ఎవరో వాడేసిన కొండసైకిలు కొన్నాక, ఇంట్లో మిగతా వస్తువులు ఊపిరి పీల్చుకున్నాయి.

ఆ సైకిలుకు పెడలు దగ్గర ఒకటి కాదు, మూడు పళ్ళచక్రాలు. చిన్నది, నడిమిది, పెద్దది. పోయిన నెల గిద్దలూరు దాటి నల్లమల దారిలో ఒక బండరాయి మీదుగా దూకించబోతే, పెద్ద చక్రం ఆ రాయికి కొట్టుకుని పళ్ళు వంగాయి. చైను జారి, వీరేంద్ర కూడా జారాడు. అప్పటినుంచి అతనికి ఒకటే ధ్యాస. ముందు చక్రానికి ఎన్ని పళ్ళుండాలి? రాయి తగలకుండా వాటిని కాపాడేదెట్లా?

ఫ్యాక్టరీలో పలకలు కోసేవాళ్ళను అడిగాడు. పెద్ద చక్రమే ఉంచమన్నారు, చూడ్డానికి బాగుంటుందని. సెల్లులో వీడియోలు చూశాడు. పళ్ళు ఎక్కువైతే చదును రోడ్డు మీద వేగం, తక్కువైతే ఎత్తు మీద సుఖం అని తేలింది. అయినా నమ్మక, పసుపుతో ఒక పంటికి బొట్టు పెట్టి, పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతోందో కూర్చుని చూశాడు. ఆ రోజు కూరలోకి పసుపు లేకపోయింది. చివరకు తేల్చుకున్నాడు. కొండకు పెద్ద చక్రం దండగ. చిన్నదీ నడిమిదీ చాలు. పెద్దది పీకేసి, ఆ చోట నడిమిదానికన్నా కాస్త వెడల్పుగా, పళ్ళు లేని గుండ్రటి రేకు బిగిస్తే, రాయి వచ్చి ఆ రేకుకు తగులుతుంది, పళ్ళు క్షేమం.

పెద్ద చక్రం పీకడం రాత్రే అయిపోయింది. రేకే దొరకలేదు. ఆన్‌లైనులో చూస్తే మార్కాపురానికి పంపలేమన్నారు.

"అయితే ఎనిమిది గంటల బస్సుకు..." అంటోంది శివకుమారి.

"బస్సెందుకు? గుట్ట అడ్డదారి ఉంది కదా. సైకిలు మీద పోతా. కొత్త గేరు సంగతి కూడా తేలిపోతది."

"పిలుపుకు పోయేది సైకిలు మీదనా!"

"నాకు పెద్దమ్మ వరస కదా. ఆమె దగ్గరికి కష్టపడి తొక్కుకుంటా వచ్చినాడు అల్లుడు అంటే, మనసు కరగదా?"

ఇందులో ఎంతో కొంత నిజమున్నట్టు శివకుమారికి అనిపించింది. ఆమె పొద్దున చేసిన తప్పు అదొక్కటే. స్నానానికి వెళ్ళింది. వీరేంద్ర అటకెక్కాడు.

మన ఇళ్ళలో సారె సామాను అటక మీద ఉండడానికే పుడుతుంది. పెళ్ళినాడు ఎక్కిన పెట్టె మళ్ళీ దిగదు. వీరేంద్ర దాని మూత తీసి, కాగితాలు చుట్టిన పళ్ళేలను ఒక్కొక్కటే వేలితో తట్టి చూశాడు. అన్నీ ఇప్పటి పలచటి రకం. అడుగున ఒకటి మాత్రం బరువుగా, పాతకాలపు దళసరి స్టీలుతో, చేతికి నిండుగా తగిలింది. వెనక్కి తిప్పితే పాత పేపరు అతుక్కుపోయి ఉంది. దాన్ని చొక్కా కింద పెట్టుకుని వంటింటి పక్కనుంచే వచ్చాడు. గోవిందమ్మ తలెత్తి, అల్లుడి పొట్ట ఉన్నట్టుండి అంత చదునుగా ఎందుకుందో అర్థంకాక, మళ్ళీ వంకాయల మీద పడింది.

సైకిలు షాపు పవన్ పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అన్నా, ఇది అన్నం తినే పళ్ళెం."

"అందుకే గట్టిగుంది."

"తినేదాన్ని కాళ్ళకాడ పెడతావా?"

"కాళ్ళకాడ కాదు, గేరుకాడ. నువ్వు కొయ్యి."

పవన్ కోశాడు. అంచు ఊడిపోయి గుండ్రటి బిళ్ళ మిగిలింది. నడుమ ఇరుసు పట్టేంత పెద్ద బొక్క, చుట్టూ బోల్టులకు చిన్న బొక్కలు. అంతా అయ్యాక, అతుక్కున్న పేపరును ఉప్పు కాగితంతో రుద్దాడు. కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి.

"రామమ్మ," చదివాడు పవన్. "రామమ్మ ఎవరన్నా?"

వీరేంద్ర ఆలోచించాడు. పెళ్ళికి చదివించే గిన్నెల మీద ఇచ్చినవాళ్ళ పేర్లు ఉండడం మామూలే. అతని ఇంట్లో చెంబు మీద ఒక పేరు, గరిటె మీద ఒక పేరు. ఆ మనుషుల్లో సగంమంది ఎవరో అతనికి ఇప్పటికీ తెలియదు.

"మా పెళ్ళికి వచ్చినవాళ్ళెవరో," అన్నాడు. "పేరు బయటికి కనపడేట్టు బిగించు. బాగుంది."

ఇంటికి వచ్చి సంచి తీసుకునేటప్పుడు సైకిలు గేరుండే కుడిపక్క గోడకు ఆనుకుని ఉంది కాబట్టి శివకుమారి కళ్ళకు బిళ్ళ పడలేదు. "వస్తానన్నాకనే ఫోను చెయ్యండి," అంది. సంచి అతని చేతికిచ్చాక కూడా దాని పిడి వదల్లేదు. వీరేంద్రకు కూడా జాలేసింది. ఈసారి పని చక్కబెట్టుకునే రావాలని నిజంగానే అనుకున్నాడు.

తారురోడ్డు మీద ప్రయాణం బాగా సాగింది. పేట ముందర గుట్ట అడ్డదారిలోకి తిరిగాక ఇంకా బాగా సాగింది. పళ్ళు తక్కువైన చక్రంతో ఎత్తు మీద కాళ్ళు తేలిగ్గా తిరుగుతుంటే, తన లెక్క తప్పలేదని వీరేంద్ర పొంగిపోయాడు. గుట్ట మీద మొదటి రాయి అడుగున తగిలింది. ఖణేల్‌మంది. దిగి, వంగి చూశాడు. బిళ్ళ మీద ఒక గీత. పళ్ళకు ఏమీ కాలేదు.

తెలివైనవాడైతే అంతటితో ముందుకు సాగేవాడు. వీరేంద్రకు అనుమానం వచ్చింది. ఒక్క రాయికి నిలిచినది రెండో రాయికి నిలుస్తుందా? పెద్ద రాయికి? వరస రాళ్ళకు? పక్కన మంచి దారి ఉండగా వెతుక్కుని మరీ రాళ్ళ మీదికి తోలాడు. ఖణ్, ఖణ్, ఖణేల్ అని గుట్టంతా మోగింది.

ఆ చుట్టుపక్కల పొలాల్లో పందులు పడితే పళ్ళెం కొట్టి తరుముతారు. చేనులో పడిన గొర్రెలకూ అదే మర్యాద. కాబట్టి పళ్ళెం చప్పుడు వినపడితే వెనకనుంచి కర్ర వస్తుందని అక్కడి గొర్రెలన్నిటికీ తెలుసు. గుట్ట దిగువ నీడన గొర్రెల కాపరి యల్లయ్య మంద ఎవరి జోలికీ పోకుండా పడుకుని ఉంది. తప్పేమీ చేయకుండానే వెనకనుంచి పళ్ళెం మోగేసరికి, మంద మొత్తం ఒక్కసారిగా లేచి దిగువకు పరుగెత్తింది. వాటి వెనక యల్లయ్య. ఆయన వెనక, బ్రేకులు సరిగా పడని వీరేంద్ర. దిగువకు పోయేకొద్దీ రాళ్ళు పెరిగాయి, రాళ్ళతోపాటు చప్పుడూ పెరిగింది, చప్పుడుతోపాటు గొర్రెల వేగమూ పెరిగింది.

దారి చివర కంచె విరిగిన ఒక కందిచేను ఉంది. మంద అందులోకి దూరింది. చేను పక్కన ఇల్లుంది. ఇంట్లోంచి ఒక పెద్దాయన తుండుగుడ్డ విసురుతూ, ఒక పెద్దావిడ కర్ర పట్టుకుని బయటికి వచ్చారు. ఆ చేను, ఆ ఇల్లు పేట అత్తవి. పెద్దాయన ఆమె భర్త బాలన్న.

గొర్రెలను బయటికి తోలేసరికి అందరికీ చెమటలు పట్టాయి. యల్లయ్య రొప్పుతూ వీరేంద్ర మీదికి వచ్చాడు. "ఎవరయ్యా నువ్వు? పండుకున్న గొర్రెల మీదికి పళ్ళెం కొట్టుకుంటా వస్తావా? యాడ నేర్చినావు?"

"నా దగ్గర పళ్ళెం లేదన్నా," అన్నాడు వీరేంద్ర హెల్మెట్ తీస్తూ. అది అబద్ధమని ఆ క్షణంలో అతనికి తోచలేదు.

బాలన్న కళ్ళు చిట్లించి చూశాడు. "ఈ పిల్లోడు... మన శివ మొగుడు కాదూ?"

అత్త కర్ర దించింది. చేను తొక్కించినా ఇంటి పిల్ల మొగుడు కదా. మంచం వాల్చింది, చెంబుతో నీళ్ళిచ్చింది, యల్లయ్యకు మజ్జిగ పోసింది. వీరేంద్ర సంచి విప్పి చీర, పసుపు కుంకుమ, పత్రిక తీసి, నేర్చుకొచ్చిన మాట పూర్తిగా చెప్పాడు. "పెద్దమ్మా, గోపి పెళ్ళికి నువ్వు రాకపోతే మాకు పెళ్ళే కాదు."

అత్త చీర అంచును వేళ్ళతో తడిమింది. "శివ ఎంచిందా?" అంది. కళ్ళు మెత్తబడ్డాయి. ఒక్క నిమిషం ఆగి ఉంటే వస్తాననేదేమో. కానీ యల్లయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "అది సరే గానీ, పళ్ళెం కొట్టింది మాత్రం నిజం. నా చెవులతో విన్నా," అన్నాడు.

"నేనూ విన్నాలే," అంది అత్త. "పళ్ళెం చప్పుడే. యాడ దాచినావు నాయనా?"

గేరు పళ్ళకు కాపలా పెట్టిన తన గార్డు గురించి ఒకరు తమంతట తాము అడగడం వీరేంద్రకు అదే మొదటిసారి. ఉత్సాహం ఆపుకోలేక సైకిలును మంచం ముందుకు నడిపించుకొచ్చి, అందరికీ కనపడేట్టు తలకిందులు చేశాడు. "ఇది చూడు పెద్దమ్మా. ముందు ఈడ పెద్ద చక్రం ఉన్నింది. రాళ్ళకు పళ్ళు పోతాంటే దాన్ని తీసేసి, ఇట్ల రేకు పెట్టినా. రాయి వచ్చి దీనికి తగులుతది. లోపల పళ్ళకు ఏమీ కాదు. ఎట్లుంది?"

అత్త వంగింది. కొంగుతో బిళ్ళ మీది దుమ్ము తుడిచింది. ఆమె వేలు చుక్కల అక్షరాల మీద నెమ్మదిగా పోయింది. బాలన్న కూడా వంగి చూసి, ఎందుకో రెండడుగులు వెనక్కి వేశాడు.

"అబ్బాయ్," అంది అత్త. "నా పేరేంది?"

"పెద్దమ్మ."

"అది వరస. పేరు?"

వీరేంద్ర ఆలోచించాడు. ఇంట్లో అందరూ పేట అత్త అంటారు. గోవిందమ్మ వదినె అంటుంది, మామ అక్క అంటాడు. పత్రిక మీద రాయించింది 'బాలన్న గారికి' అని. ఎనిమిదేళ్ళలో ఆ పేరు అతని చెవిన ఒక్కసారైనా పడలేదు. పడలేదన్న సంగతి కూడా ఇప్పుడే తట్టింది. కళ్ళు తమంతట తామే బిళ్ళ మీదికి పోయాయి.

"రామమ్మ..." అన్నాడు.

"నా పెళ్ళికి మా అమ్మ కొని, మార్కాపురంలో పేరు కొట్టించి ఇచ్చిన పళ్ళెం అది," అంది రామమ్మ. గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. "ఈ ఇంటికి వచ్చినాక నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు నాయనా. నా పేరున్న వస్తువు అదొక్కటే. దాంట్లోనే తినేదాన్ని. దాన్ని నువ్వు కాళ్ళకాడ పెట్టుకుని, రాళ్ళకేసి కొట్టుకుంటా వచ్చినావా?"

వీరేంద్రకు ఏడుపొచ్చింది. మంచం మీద విప్పిన చీర ఉంది, మార్కాపురంలో ఫోను పట్టుకుని కూర్చున్న పెళ్ళాం ఉంది. కూడబోయిన పనిని తను రాయి వెతుక్కుని మరీ పగలగొట్టాడు.

"శివకు ఫోను చెయ్యి," అంది రామమ్మ. "గట్టిగా వినపడేట్టు పెట్టు."

ఫోను ఒక్క మోతకే ఎత్తారు. "వస్తానన్నదా?" అంది శివకుమారి.

"శివా, నా పళ్ళెం దొరికిందమ్మా," అంది రామమ్మ.

"అత్తా! యాడ దొరికింది?"

"మీ ఆయన సైకిలుకు."

అవతల కూడా ఫోను గట్టిగా వినపడేట్టే పెట్టినట్టుంది. వెనకనుంచి గోవిందమ్మ గొంతు వినిపించింది. "సైకిలుకా? సైకిలుకు యాడినుంచి పోయింది?"

"అటక మీది సారె పెట్టెలోనుంచి తీసినా అత్తా," అన్నాడు వీరేంద్ర నేలకేసి చూస్తూ.

ఆ పెట్టెను ఎనిమిదేళ్ళ కిందట స్వయంగా సర్ది, మూత వేసి, కూతురితో పంపించింది గోవిందమ్మ. ఫోను పెట్టేస్తుందనే అందరూ అనుకున్నారు.

"వదినె," అంది గోవిందమ్మ చివరకు. ఆ పిలుపు ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చింది. "ఆ పెట్టె నేనే సర్దినా. హడావిడిలో నీ పళ్ళేన్ని నేనే దాంట్లో ఏసినట్టుంది. నిన్ను అనరాని మాట అన్నా. తప్పు నాదే వదినె."

రామమ్మ బిళ్ళ మీది గీతలను కొంగుతో రుద్దుతోంది.

"ఇంతకీ పళ్ళెం బాగుందా?" అంది గోవిందమ్మ బెరుగ్గా.

"బాగుండేదేంది మరదలా! అంచంతా కోసిపారేసి, నడిమిన ఇంత బొక్క పెట్టినాడు."

"బొక్క పెట్టినాడా!"

"పెట్టి, కాళ్ళకాడ బిగించినాడు."

"కాళ్ళకాడా! అమ్మిచ్చిన పళ్ళేన్నా! వానికి మతి ఉందా వదినె?"

అంతవరకూ గోవిందమ్మ నోట అల్లుడు 'మీరు' తప్ప మరొకటి కాలేదు. ఆ రోజు 'వాడు' అయ్యాడు. "నా చెవి మిషను కూడా వాడే పోగొట్టినాడు వదినె" అంటూ ఆమె మొదలుపెట్టింది. రామమ్మ కందిచేను సంగతి చెప్పింది. గోవిందమ్మ మిక్సీ సంగతి చెప్పింది. ఎనిమిదేళ్ళుగా మాట్లాడుకోవలసినదంతా ఇద్దరూ వీరేంద్ర నెత్తిన పెట్టే మాట్లాడుకున్నారు. ఫోను పట్టుకుని అతని చెయ్యి లాగేసింది. దింపబోతే రామమ్మ కసిరింది, "సరిగ్గా పట్టుకో, మీ అత్త మాట వినపడటంల్యా."

నడుమ ఎక్కడో, అసలు విషయం కానట్టు, "పెళ్ళికొడుకును చేసేది ఎప్పుడంటివి?" అని రామమ్మే అడిగింది.

"శుక్రవారం పొద్దున వదినె. నువ్వు ముందురోజే రావాల."

"రాకుంటే నలుగు ఎవరు పెడతారు?" అంది రామమ్మ.

అవతల శివకుమారి పెద్దగా ఏడ్చేసింది. బాలన్న కూడా తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, చెమట అన్నాడు.

ఫోను పెట్టాక రామమ్మ పత్రికను వీరేంద్ర ముందుకు తోసింది. అతను జేబులోంచి పెన్ను తీసి, 'బాలన్న గారికి' అన్నదానికి పైన, అంతకన్నా పెద్ద అక్షరాలతో 'రామమ్మ గారికి' అని రాశాడు. తర్వాత రెంచీ తీసి గార్డు విప్పి ఆమె చేతిలో పెట్టాడు. రక్షణ లేని సైకిలును బస్సు పైన వేసుకుని ఇంటికి చేరాడు. అక్కడ శివకుమారి అతన్ని తిట్టాలో మెచ్చుకోవాలో తేల్చుకోలేక, ముందు అన్నం పెట్టింది.

గోపిని పెళ్ళికొడుకును చేసిన రోజు రామమ్మ ఆ బిళ్ళను చింతపండుతో తోమి తెచ్చింది. నడిమి బొక్కలో దీపపు కుంది నిలబెడితే సరిగ్గా కూర్చుంది. గోవిందమ్మ నూనె పోస్తే, రామమ్మ వెలిగించి మేనల్లుడికి హారతి ఇచ్చింది. చూసినవాళ్ళు ఇలాంటి హారతి పళ్ళెం ఎక్కడ దొరుకుతుందని అడిగారు. వీరేంద్ర చెప్పబోయాడు గానీ శివకుమారి చూపు చూసి ఊరుకున్నాడు.

పెళ్ళయి పల్లెకు బయలుదేరే ముందు రామమ్మ అతన్ని పక్కకు పిలిచి పేపరు చుట్టిన పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. లోపల కొత్త స్టీలు పళ్ళెం, వెతికి తెచ్చిన దళసరి రకం. వెనక్కి తిప్పితే చుక్కలు చుక్కలుగా 'వీరేంద్ర' అని చెక్కించి ఉంది.

"కోసుకో నాయనా," అంది. "నీకు ఎట్ల కావాలంటే అట్ల కోసుకో."

ఇప్పుడు గిద్దలూరు దారిలో రాళ్ళన్నీ వచ్చి వీరేంద్ర పేరుకే తగులుతున్నాయి. గేరు పళ్ళు మాత్రం క్షేమం.